పై గది కంప్యూటర్ కనబడని గంట

ఖాళీ. ఇందాకా ఖాళీయే, ఇప్పుడూ ఖాళీయే. నెట్‌వర్క్ అన్న చోట నొక్కితే తెర పైభాగాన ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నింపాదిగా పాకుతుంది, ఇల్లంతా మూలమూలా గాలించి వస్తున్నంత ఆర్భాటంగా. చివరికి చూపించేది మాత్రం తెల్లటి శూన్యం. ఇంట్లో ఉన్నవే రెండు కంప్యూటర్లు. ఒకటి ఆమె ముందు, భోజనాల బల్ల మీద. రెండోది సరిగ్గా ఆమె నెత్తి మీద, మేడ గదిలో, మావయ్యగారిది. మధ్యలో పద్నాలుగు మెట్లు, ఒక స్లాబు. గట్టిగా తుమ్మితే వినపడే దూరం. అయినా దీనికి అది కనబడటం లేదట. పైన పసుపు పట్టీ ఏదో వచ్చింది, చివరున్న ఇంటూ గుర్తు మీద నొక్కి దాన్ని ఈగను తోలినట్టు తోలేసింది. గోడ గడియారం పదకొండూ ఐదు. పన్నెండింటికి నీటి సరఫరా ఆఫీసు నుంచి ఇంజినీరమ్మ పెన్ డ్రైవ్ పట్టుకుని వస్తుంది. ఆరేళ్ళు కూర్చుని మావయ్యగారు టైపు చేసిన పుస్తకం ఆ మేడ గది కంప్యూటర్లో ఉంది. ఇంకెక్కడా లేదు. ఇంకెక్కడా లేదన్న సంగతి ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

పుస్తకమంటే కథలూ కాకరకాయలూ కాదు. ముప్పై ఆరేళ్ళు ఆయన ఈ ఊరి రోడ్ల కింద నీళ్ళ వాల్వులు తిప్పారు. భుజాన వాల్వు తిప్పే నిలువెత్తు ఇనప తాళంచెవి, జేబులో సుద్దముక్క, అంతే సరంజామా. ఏ వీధికి నీళ్ళు ఏ మూత కిందుగా వెళ్తాయో, ఏ వాల్వు మిగతా అన్నిట్లా కాకుండా ఎడమకి తిప్పితే మూసుకుంటుందో, ఆఫీసు పటంలో ఏ గీత ఒట్టి అబద్ధమో, అన్నీ ఆయన బుర్రలోనే ఉండేవి. వాల్వు మాస్టారు అంటే చాలు, ఇంటిపేరు అక్కర్లేదు. రిటైరైన చాలా ఏళ్ళకి ఒక రోజు లాండ్రీ షాపు దగ్గర పెద్ద పైపు పగిలితే ఆఫీసువాళ్ళు కబురు పెట్టారు. ఆయన హుషారుగా వెళ్ళి, ఆ మూల నిలబడి, తిప్పాల్సిన వాల్వు ఏదో గుర్తురాక అరగంట అలాగే నిలబడిపోయారు. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఆయనకి మరీ కష్టమైంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "అమ్మాయ్, నాకు టైపు కొట్టడం నేర్పుతావా?" అన్నారు. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. అప్పట్నించీ మేడ గదిలోంచి టిక్కు, కాసేపు ఆగి మళ్ళీ టిక్కు. ఒక్క వేలితో రోజుకో పేజీ. రాసిన వాల్వు రాసినట్టే తలలోంచి దిగిపోతోందేమో, నిరుడు రాసిందాని గురించి ఇప్పుడడిగితే "అందులో ఉంటుంది చూడు" అంటారు. అందులో ఉంటుంది. అది ఎందులో ఉందో అదే కనబడి చావటం లేదు.

"తీశావా అమ్మా?" ప్రతి ఆదివారం భోజనాల వేళ ఆయన అడిగేది ఇదొక్కటే. కాపీ తీశావా అని. మేడ మీది ఫోల్డరు నెట్‌వర్క్‌లో తెరిచి తన లాప్‌టాప్‌లోకి లాగి పడెయ్యడం, రెండు నిమిషాల పని, ఈవిడగారే ఒప్పుకున్న పని. మొదట్లో ప్రతి వారం తీసేది, తీశాక కిందటి వారం కాపీ అనవసరమని చెరిపేసేది కూడా, అంత శుభ్రం. తర్వాత లాప్‌టాప్ పాడై కొత్తది కొన్నారు. పాతదాంట్లోవి పాతదాంతో పోయాయి. కొత్తదాంట్లోకి ఈ ఆదివారం తీద్దాం, వచ్చే ఆదివారం తీద్దాం. ఆమె పని చెవులతో. వినికిడి తగ్గినవాళ్ళ కోసం సినిమాలకి కింద మాటలు టైపు చేస్తుంది. మాటలే కాదు, తలుపు కిర్రుమన్న చప్పుడు, దూరంగా రైలు కూత, ఆడమనిషి నిట్టూర్పు, ఇవన్నీ కూడా. ఒక ఆదివారం ఇయర్‌ఫోన్లలో ఎవరిదో ఏడుపు నడుస్తుంటే ఎదురుగా ఆయన పెదవులు కదిలాయి, ఏమడిగారో తెలుసు కాబట్టి వినకుండానే "తీశాను మావయ్యా" అంది. అనేశాక తీస్తే అది అబద్ధం కాకుండా పోతుంది కదా అనుకుంది. తియ్యలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆ మాట దానంతటదే వచ్చింది. ఐదు నెలలు. ఇరవయ్యో ఇరవై ఒకటో తీశానులు. ఆయన ప్రతిసారీ తల ఊపి, అయితే పర్లేదని, మజ్జిగ గ్లాసు అందుకునేవారు. ఆ తల ఊపడమే ఇప్పుడు కళ్ళముందు మెదులుతోంది.

పైకి వెళ్ళి చూడొచ్చుగా అంటే, వెళ్ళింది, రెండుసార్లు వెళ్ళింది. పది రోజుల కిందట దాని మానిటర్ చిటుక్కున ఆరిపోయింది. కంటి ఆపరేషన్ ఎలాగూ ఉంది, పదిహేను రోజులు తెర చూడకూడదు, కట్టు విప్పాక కొత్తది కొందాంలే అన్నారాయన. డబ్బా మాత్రం ఆపొద్దన్నారు, ముసలిది, పడుకుంటే మళ్ళీ లేస్తుందో లేదో అని. అందుకని అది గుడ్డిగా గుర్రుమంటూ నడుస్తూనే ఉంది. "ఫ్యాను హోరు" అని ఆమె బుర్ర అలవాటు కొద్దీ కింద టైపు చేసింది. ముందు భాగాన దీపం వెలుగుతోంది. వెనకాల నెట్‌వర్క్ తీగ గట్టిగానే ఉంది, దాని పక్కన చిన్న లైటు టకటకా కొట్టుకుంటోంది. తెర తీగ మూతి నీలంది, పదిహేను సూదులు. హాల్లో టీవీకి కలుపుదామంటే దాని వెనక ఆ మూతి పట్టే చోటే లేదు, టీవీ వెనక దూరి, దుమ్ము మీద పోసుకుని మరీ చూసింది. బతికే ఉంది, పలకడం లేదు. లేక బతికున్నట్టు దీపం వెలుగుతోందంతే, లోపల డిస్కు పోయిందేమో. డిస్కు పోయినా ఫ్యాను తిరుగుతుందిగా. మనుషులూ అంతేగా, లాండ్రీ షాపు మూల అరగంట నిలబడ్డ రోజు ఆయనా చూడ్డానికి మామూలుగానే ఉండి ఉంటారు. ఛ, ఏం పోలికిది, మనిషి ఈ పూట అక్కడ ఆసుపత్రిలో కంటి ఆపరేషన్ బల్ల మీద ఉంటే.

మరిదికి ఫోన్ చేసింది. ఇంట్లో ఈ తీగల సంబంధాలన్నీ కలిపింది అతనే. "వదినా, ఏముంది, ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి" అన్నాడు. అతగాడికి జ్వరమొచ్చినా అదే మందు వేసుకునేలా ఉన్నాడు. "ఏదాపమంటావు?" అంటే, "అన్నీ." "మొన్న మావయ్యతో నువ్వే కదయ్యా పై డబ్బా ఆపొద్దన్నావు, డిస్కు పాతదైందని?" "అన్నానా? అన్నానేమో. అయితే దాన్ని ఆపకు. మిగతావి ఆపు. లాభం లేకపోతే మాత్రం దాన్నీ ఆపాలి, తప్పదు. నేను సాయంత్రం వస్తా, ఇప్పుడు మీటింగులో ఉన్నా." పెట్టేశాడు. ఇంటర్నెట్ పెట్టె ఆపింది, అంకెలు లెక్కపెట్టింది, ముప్పై దాకా చాలినా అరవై దాకా, ఆన్ చేసింది. దాని లైట్లు ఒక్కొక్కటే ఒళ్ళు విరుచుకుంటూ లేచాయి. లాప్‌టాప్ ఆపి ఆన్ చేసింది. నెట్‌వర్క్ నొక్కింది. ఆకుపచ్చ గీత పాకింది. పసుపు పట్టీ వచ్చింది, మూసేసింది. ఖాళీ. అప్పుడే రెండోసారి మేడెక్కింది. డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఆ గుండ్రటి మీట మీద వేలు పెట్టింది. నాలుగు సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆరిపోతుంది, మళ్ళీ నొక్కితే లేస్తుంది. లేవకపోతే? అప్పుడు పోగొట్టింది తనే, పాతబడి పోయింది కాదు. ఇంత చిన్న మీట మీద ఇంత బరువా. కుర్చీ మీద ఆయన స్వెట్టరు వేలాడుతోంది, మోచేతుల దగ్గర అరిగి. వేలు తీసేసి చీర కొంగుకి తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు. మెట్లు దిగి వచ్చేసింది.

ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి, ఆయన కొడుకు, అంటే ఈవిడ మొగుడు. "అయిపోయింది, బాగానే అయింది. కూర్చోబెట్టారు, బిస్కెట్లు తింటున్నాడు. నీతో మాట్లాడతాడట." ఫోను చేతులు మారుతూ గుడ్డకి రాసుకున్న చప్పుడు, ఆయన ఊపిరి. "అమ్మాయ్, ఇంజినీరమ్మ వచ్చిందా?" "ఇంకా లేదు మావయ్యా. నొప్పిగా ఉందా?" "నొప్పి లేదు గిప్పి లేదు. పుస్తకం ఇచ్చేటప్పుడు చెప్పు, పంతొమ్మిదో పేజీ ముందు చూడమను. వచ్చే వారం ఆ రోడ్డే తవ్వుతారట. ఆ వాల్వు ఎడమకి. కుడికి తిప్పారో, కాడ విరిగి వీధి మొత్తం..." అంటూ ఆగారు. ఏ వీధో వెతుక్కుంటున్నారు, ఆమెకి వినపడింది ఆ వెతుక్కోవడం, అది చప్పుడు లేకుండా ఉంటుంది, ఏ సినిమాలోనూ దానికి మాట రాయాల్సిరాలేదు. "అందులో ఉంటుందిలే" అన్నారు చివరికి. "ఉంటుంది మావయ్యా" అంది. ఫోన్ బల్ల మీద పెట్టింది. గడియారం పదకొండూ ముప్పై రెండు.

ఏం మారింది? ఐదు నెలల కిందట కనబడింది, ఇప్పుడు కనబడటం లేదు. మధ్యలో ఏం మారింది? లాప్‌టాప్ మారింది, కానీ కొన్న రోజు దీంట్లోనూ కనబడింది. మానిటర్ పోయింది, దానికీ దీనికీ సంబంధం లేదు. మూడు వారాల కిందట, అవును, ఇంటర్నెట్‌వాళ్ళు వచ్చి పాత పెట్టె పీకేసి ఈ కొత్త పెట్టె బిగించి వెళ్ళారు. ఆ సాయంత్రం పొయ్యి మీద పాలు, చేతిలో ఫోను, ఒక చెవిలో ఎవరో హీరో గొణుగుడు, పైనుంచి ఆయన కేక. "అమ్మాయ్! ఇదేదో అడుగుతోందే! ఇంట్లో మిగతా కంప్యూటర్లకి నేను కనబడొచ్చా అంటోంది! ఏమనను?" పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. "వద్దనండి మావయ్యా!" ఒక్క అరుపు, ఏం అడుగుతోందో కూడా పట్టించుకోకుండా. అది ఇంట్లో చట్టం. చేసింది ఆమే. అంతకు ముందేడు ఒక రోజు ఆయన తెర మీద మీ కంప్యూటరుకి జబ్బు చేసింది, ఇక్కడ నొక్కండి అని వస్తే ఆయన పాపం నొక్కారు. అవతల ఎవడో ఈ గదిలో లేనివాడు బాణం గుర్తును అటూ ఇటూ తిప్పుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నారు. ఆమె పరుగెత్తుకుంటూ వెళ్ళి తీగ లాగేసింది కాబట్టి సరిపోయింది. ఆ రోజే కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మానిటర్ అంచుకి అంటించింది. "ఏది అడిగినా వద్దు అనాలి." తానూ ఆ చట్టానికి కట్టుబడే ఉంది, ఇంకా ఒక ఆకు ఎక్కువే, అడిగేదాకా కూడా ఆగదు.

అంటే వద్దన్నారు. ఆమె మాటకి ఆయన ఎదురు చెప్పిన పాపాన పోలేదు, మందు రెండు పూటలంటే రెండు పూటలే. కనబడొచ్చా అని అడిగితే వద్దన్నారు. అది ముసుగు తన్నింది. ఇప్పుడా ముసుగు తియ్యాలంటే తెర కావాలి, తెర లేదు. ఎవరు చెయ్యించారంటే ఈవిడగారే. కాపీ తియ్యకపోగా దొరకకుండా దాచిపెట్టింది కూడా. ఏడవడానికి కూడా ఇరవై ఎనిమిది నిమిషాలే ఉన్నాయి, అందులో ఇంజినీరమ్మకి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి, సాయంత్రం మరిది వచ్చి ఎవరి దగ్గర్నుంచో మానిటర్ తెస్తాడని, రేపు రమ్మని, అంతే కదా, అంత పెద్ద విషయమేం కాదు, డిస్కు బాగుంటే. బాగుంటే. బాగుందో లేదో తెలియకుండా ఆయన ఎదుట కూర్చుని అన్నం వడ్డించాలి. కట్టు కట్టిన కన్నుతో ఆయన అడుగుతారు. తీశావా అమ్మా?

మళ్ళీ నొక్కింది, వేరే పనేం లేక. ఆకుపచ్చ గీత. పసుపు పట్టీ. చెయ్యి దానంతటదే ఇంటూ గుర్తు దగ్గరికి వెళ్ళింది. ఆగింది. ఆయనైతే చదువుతారు. ఆయన అన్నీ చదువుతారు. మందు డబ్బాలోని మడతల కాగితం రెండువైపులా, బస్సు టికెట్టు వెనక నిబంధనలు, సబ్బు కవరు. వేలు కింద పెట్టి, పైకి, మాట మాటకీ ఆగి. ఇల్లంతా నవ్వేది. ముప్పై ఆరేళ్ళూ మూత ఎత్తి కళ్ళతో చూడకుండా వాల్వు తిప్పని మనిషి మరి. ఆమె కూడా తెర మీద వేలు పెట్టింది, చిన్నపిల్లలా. పైకి చదివింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి దింపుకుంటూ, మాట మాటకీ ఆగుతూ. "నెట్‌వర్క్‌లో వెతకడం... ఆపి ఉంది. మిగతా కంప్యూటర్లు... పరికరాలు... కనబడవు. మార్చాలంటే... ఇక్కడ నొక్కండి." ఎక్కడ ఆపి ఉంది? ఇక్కడ. ఈ లాప్‌టాప్‌లో. పైన ఉన్నది దాక్కోవడం కాదు, ఇదే కళ్ళు మూసుకుని కూర్చుంది. కొత్త పెట్టె వచ్చిన ఆ రోజు ఇదీ అడిగి ఉంటుంది, పాలు దింపి వచ్చి ఈవిడ చదవకుండా వద్దని ఉంటుంది. ఉంటుందేమిటి, అంది. ఈ ఉదయం నుంచి అది ప్రతిసారీ పట్టీ కట్టి మరీ మొర పెట్టుకుంటుంటే మూతి మీద కొట్టి పంపేసింది, మూడుసార్లు, కాదు నాలుగు.

నొక్కింది. ఇంకో ప్రశ్న వచ్చింది, ఇది ఇంటి సొంత నెట్‌వర్కా, లేక నలుగురూ వచ్చిపోయే చోటా అని. దాన్ని రెండుసార్లు చదివింది. ఇల్లే. ఇల్లే నాయనా, మా ఇల్లే. గీత పాకింది. మొదట ప్రింటరు వచ్చింది. తర్వాత టీవీ, అదెందుకో పిలవని పేరంటానికి. ఇదొక్కటే కళ్ళు తెరిస్తే చాలదు, అవతలిది వద్దన్నాక. వద్దన్నారుగా. గీత చివరి దాకా వెళ్ళి ఆగింది. ఆగాక, ఇక అయిపోయిందనుకున్నాక, మూడో బొమ్మ తేలింది. కింద పేరు, మరిది సరదాకి పెట్టినది, వాల్వుమాస్టారు.

కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలియదు. ఎవరైనా పెద్దవాళ్ళు గదిలోకొస్తే లేచినట్టు. మళ్ళీ కూర్చుని రెండుసార్లు నొక్కింది, ఫోల్డరు తెరుచుకుంది, అందులో పుస్తకం, లాగి తన వైపు పడేసింది. నాలుగు నిమిషాలంది. నాలుగు నిమిషాలూ ఊపిరి పీలుస్తూ వదులుతూ కూర్చుంది, అదే పెద్ద పనైనట్టు. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా పడుతోంది, కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టారు, ప్రతి చప్పుడూ కడిగిన గాజుగ్లాసులా స్పష్టంగా ఉంది. అయిపోయిందనగానే ఇంకోసారి పెన్ డ్రైవ్‌లోకి తీసింది. అప్పుడు తెరిచింది. ఆరేళ్ళు కాపీలు తియ్యడమే గానీ ఎప్పుడూ చదివిన పాపాన పోలేదు. పంతొమ్మిదో పేజీ. "లాండ్రీ షాపు మూల. మూత మూడు జానల లోతు. ఈ వాల్వు ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. సుద్ద గుర్తు నమ్మవద్దు, అది నేనే తప్పు పెట్టాను, తర్వాత చెరపలేదు." ఆయన గొంతే. ఇరవై నాలుగో పేజీలో మళ్ళీ లాండ్రీ షాపు మూల, అవే మాటలు. ముప్పై ఒకటో పేజీలో ఇంకోసారి. గుర్తుండదేమోనన్న భయంతో రాశారో, రాసింది గుర్తులేక రాశారో. ఇది పోయి ఉంటే మళ్ళీ రాయించడం అయ్యే పని కాదని అప్పుడు తెలిసింది, ఊహించినట్టు కాదు, అక్షరాల్లో కనబడి తెలిసింది. కళ్ళు తుడుచుకుంది. భయం వదిలాక వచ్చే నీళ్ళు, వాటికి అడ్డేముంది.

బయట కారు ఆగింది. ఇంజినీరమ్మేమో అనుకుంది, కాదు, వాళ్ళే. కొడుకు మందుల సంచితో వెనక, ముందు ఆయన, ఎడమ కంటికి తెల్ల కట్టు, దాని మీద నల్ల కళ్ళద్దాలు, గడప కోసం కాలితో తడుముకుంటూ. ఆమె వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "వచ్చిందా ఇంజినీరమ్మ?" "వస్తోంది. పుస్తకం సిద్ధంగా ఉంది." కుర్చీలో కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగేదాకా ఆగలేకపోయింది. "మావయ్యా, కొత్త పెట్టె పెట్టిన రోజు మీ కంప్యూటరు అడిగింది గుర్తుందా, ఇంట్లోవాళ్ళకి కనబడొచ్చా అని? నేను వద్దనమన్నాను. మీరు అవునన్నారు."

ఆయన గ్లాసు దించారు. దొరికిపోయిన దొంగలా నవ్వారు. "నువ్వు సరిగ్గా వినలేదనుకున్నా. అడిగింది బయటివాళ్ళ గురించి కాదమ్మా, ఇంట్లోవాళ్ళ గురించి. ఇంట్లోవాళ్ళకి కనబడకుండా ఉండి నేనేం చేసుకోను?"

ఇక దాచుకోవడానికి ఆమెకి చోటు దొరకలేదు. "ఆదివారాలు తీశాను తీశాను అన్నానే, ఐదు నెలలుగా తియ్యలేదు. అబద్ధం చెప్పాను. ఇందాక అది కనబడకపోతే నా పై ప్రాణాలు పైనే పోయాయి." మొగుడు మందుల సంచి పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపు. లాండ్రీ షాపు మూల ఎవరూ ఏమీ అనకుండా ఉన్నంత సేపు అనిపించింది ఆమెకి.

"ఇప్పుడుందా?"

"ఉంది. రెండు చోట్ల పెట్టాను."

"మూడో చోట కూడా పెట్టు." ఆయన తన కణత మీద వేలితో తట్టి చూపించారు. "ఇన్నాళ్ళూ ఇదొక కాపీ అనుకుని ధీమాగా ఉన్నాను. ఇక దీన్ని లెక్కలో వెయ్యకు." అని, ఖాళీ గ్లాసు ఆమె చేతికందించి, "పదిహేను రోజులు నేను చదవకూడదట. రోజుకో పేజీ నువ్వు చదివి వినిపించు. తప్పులుంటే చెప్తాను. నాకు గుర్తులేదన్నచోట మాత్రం నా మాట వినకు, రాసిందే నిజం" అన్నారు.

వీధి తలుపు దగ్గర ఇంజినీరమ్మ గొంతు వినిపించింది, వాల్వు మాస్టారి ఇల్లు ఇదేనా అని. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకుని, "ఇదేనమ్మా, రా" అన్నారు.